తిరగలి అల్లుడు

ఆయనకు ఆగడం రాదు, ఆపడం అంతకంటే రాదు. అన్నం తిరుగుతూ తింటాడు, ఫోను తిరుగుతూ మాట్లాడతాడు, పళ్ళు తోముకుంటూ ఇల్లంతా రెండుసార్లు చుట్టి వస్తాడు. ఏదైనా మిషను ఆన్ చేశాడంటే దాన్ని ఆపించడం ఎవరి తరమూ కాదు. అందుకే అత్తగారు ఆయనకు తిరగలి అని పేరు పెట్టింది. ఆవిడ తను పనిచేసే నూలు మిల్లు మూతపడ్డాక కూతురి దగ్గరికి వచ్చేసిన మనిషి. అల్లుడంటే భయమూ లేదు, మొహమాటమూ లేదు.

ఆఫీసుల్లో నెట్‌వర్క్ వైర్లు లాగే ఉద్యోగం ఆయనది. నిచ్చెన దిగి కుర్చీలో కూర్చోవాలంటే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వాలి. ప్రాక్టీసుకని ఏదో ఆఫీసు పారేస్తున్న పాత స్విచ్‌లు, రౌటర్లు అనే నెట్‌వర్క్ పెట్టెలు మోసుకొచ్చి, చెప్పుల స్టాండు ఖాళీ చేసి అందులో పేర్చాడు. చెప్పులు బాల్కనీ పాలయ్యాయి. ఆన్ చేయగానే పెట్టెల్లోని ఫ్యాన్లు ఇల్లెగిరిపోయేలా హోరెత్తాయి.

ఇల్లాలు చెవులు మూసుకుంది. "ఏమండీ, ఆపండి ముందు!"

"ఒక్క పది నిమిషాలు. మధ్యలో ఉన్నా."

ఆ పది నిమిషాలు నెలలు దాటాయి. హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి పడకగదికి కేబుళ్ళు పాకాయి. ఒకరోజు ఆమె బట్టల బుట్టతో సహా ఓ కేబులు తట్టుకుని బోర్లాపడింది. ఆయన ఉరికొచ్చాడు.

"లింకు పోలేదు కదా?"

ఆమె చూసిన చూపుకి సర్దుకుని, "అంటే... కాలు కూడా" అన్నాడు.

వైర్ల రంగుల వరస వల్లెవేస్తూ గది గదికీ తిరిగేవాడు. "తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం..."

"ఆ రంగులన్నీ నా చెవిలో ఎందుకు పోస్తావయ్యా? ముందు ఆ రొద ఆపు, తిరగలీ!" అని అత్తగారు లోపల్నుంచి కేకేసేది.

"ఇదిగో అత్తయ్యా, ఆపేస్తున్నా" అనేవాడు. ఆపేవాడు కాదు.

"మా ఆఫీసులో ఒకమ్మాయి ఇదంతా ల్యాప్‌టాప్‌లోనే చేసి పాసైందట. ఒక్క డబ్బా తేలేదు" అంది ఇల్లాలు.

"ల్యాప్‌టాప్‌లో ఈత నేర్చుకుంటారా?"

"సరే. మీరు పాసైన రోజు సాయంత్రానికల్లా ఇవి పాతసామాన్లవాడి బండెక్కాలి."

"మాటంటే మాటే" అన్నాడు, నడుస్తూనే.

పరీక్ష రాసొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ "పోయింది" అన్నాడు. అనేసి తిన్నగా వెళ్ళి ఇంకో పెట్టె ఆన్ చేశాడు. ఆమె మనసు చివుక్కుమంది. అంత చదివినవాడు ఎక్కడ తప్పాడో అని కుమిలిపోయింది. ఆ పూట పెట్టెల గురించి ఒక్క మాటా అనలేదు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనతో పనిచేసే అతను ఇంటికొచ్చాడు. "వదినా, ఆ నిచ్చెన ఇలా ఇప్పించండి, నేను పట్టుకుపోతా. సారుకిప్పుడు కుర్చీ వచ్చేసిందిగా! పాసై నెల కావస్తోంది, పార్టీ ఊసే లేదు."

నిచ్చెన అతనికి అప్పగించి తలుపేసి, ఆమె చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్ళింది.

"పాసైతే పాసయ్యానని చెప్పరా? నేనెంత ఏడ్చానో తెలుసా?"

తిరుగుతున్న మనిషి ఠక్కున ఆగిపోయాడు. "మెల్లగా. మీ అమ్మ లేస్తుంది."

"లేవనీ!" అని ఆమె ప్లగ్గు పీకేసింది.

ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది. లోపలి గదిలో గురక ఆగింది. మంచం కిర్రుమంది.

"ఏమైందే? ఏమాగిపోయింది?" అత్తగారి గొంతులో కంగారు.

ఆయన గుసగుసగా అన్నాడు: "జీవితమంతా మిల్లు హోరులో గడిపిన మనిషి. ఇక్కడికొచ్చిన కొత్తలో కునుకైనా పట్టిందా? ఈ పెట్టెలొచ్చాకే కదా నిద్రపోతోంది. పాసయ్యానంటే నువ్వు వీటిని పంపించేస్తావు. అసలు సంగతి చెబితే, నా కోసం మీకెందుకీ రొద అని ఆవిడే ఆపించేస్తుంది."

ఆమెకు అప్పటి అమ్మ గుర్తొచ్చింది. ఎర్రబడ్డ కళ్ళతో, మడతపెట్టిన బట్టల్నే విప్పి మళ్ళీ మడతపెడుతూ ఇల్లంతా తిరిగేది. ఆ తిరుగుడు ఎప్పుడు మానేసిందో తను గమనించనేలేదు. మొగుణ్ణి జుట్టు పట్టుకుని వంచి ఒక్కటివ్వాలనిపించింది, గట్టిగా వాటేసుకోవాలనీ అనిపించింది. రెండూ మానేసి ప్లగ్గు పెట్టేసింది. పెట్టెలు మళ్ళీ హోరెత్తాయి.

"ఏం లేదమ్మా, పడుకో! నీ అల్లుడు మళ్ళీ తప్పాడట. ఇంకో పరీక్ష కడుతున్నాడు!"

"మళ్ళీనా?" లోపల్నుంచి పెద్ద ఆవలింత వినిపించింది. "పోనీలే, తిట్టకు. నిదానంగానే చదువుకోనీ పాపం, మనకేం తొంద..."

మాట పూర్తికాకుండానే గురక అందుకుంది.