జానెడు పనికి తగిన తరిమెన

అయివారు తెల్లవారుజామున పోయారన్న కబురు, పెనుకొండ నుంచి తొలి బస్సులో అనంతపురం వచ్చిన మా వీధి మనిషి ఒకరు కళాశాల హాస్టలుకు వచ్చి చెప్పారు. ఆ సాయంత్రం నేను ఒక చర్చావేదిక మీద మాట్లాడవలసి ఉన్నది. పేరు కొట్టేయించి బస్సెక్కాను.

చనిపోయినవారికి లేని గుణాలు అంటగట్టడం మర్యాదగా చలామణి అవుతున్నది. ఆ మర్యాదను నేను పాటించను. అయివారు మహానుభావులు కారు. సభలో నాలుగు మాటలు కూర్చలేకపోయేవారు. గంట మోగినా తరగతి వదలడం మరిచేవారు. పెనుకొండ హైస్కూలులో ముప్పై ఏళ్లు వడ్రంగం నేర్పారు. మా పక్కింట్లో ఉండేవారు. ఇంతే. ఈ కొంచెంలోనే నేను కృతజ్ఞుడినై ఉండడానికి కావలసినంత ఉన్నది.

ఆయన తరగతిలో ఒక నియమం ఉండేది. ఉలి ఎక్కడ పెట్టాలన్న విషయంలో పిల్లవాడు ఎదురు చెప్పి, కారణం కూడా చూపితే, అయివారు తన మాట పక్కన పెట్టి వాడి మాట ప్రకారమే చేయనిచ్చేవారు. “కారణం చెప్పినోని మాట సాగల్ల. తప్పయితే చెక్క చెప్తాది” అనేవారు. చెక్క దాదాపు ప్రతిసారీ చెప్పేది. నేను వాదించడం నేర్చుకున్నది ఆ గదిలో.

ఆయన రిటైరైనప్పుడు బడి తరిమెన బడిలోనే ఉండిపోయింది. తరిమెన అంటే చెక్కను రెండు మొనల మధ్య బిగించి తిప్పుతూ ఉలితో నునుపుగా గుండ్రం చేసే యంత్రం. దాని మీద ఆయన పాళీ గుచ్చుకొని రాసే కలాలకు కాడలు తీసేవారు. ఇంట్లో చేతులకు పని లేక, నీళ్లు తాగిన లోటాను అరచేతుల మధ్య గంటల తరబడి తిప్పుతూ కూర్చునేవారు. ఆయన భార్య అయివారమ్మ ఒకనాడు నన్ను గోడ పక్కకు పిలిచింది.

“ఒక మిసను కొనిపీయప్పా. ఇట్లే కూచుంటే ఈ మనిషి నాకు దక్కడు.”

మా వీధికి కరెంటు రాలేదు. కనుక కాలితో తొక్కే తరిమెనే కావాలి. రెండోసారి కొనే తాహతు ఆ ఇంటికి లేదు. కనుక తప్పు జరగకూడదు. అయివారూ నేనూ హిందూపురం వెళ్లాము. పాత యంత్రాల దుకాణంలో మాకు అందే ధరకు ఒకటే ఉన్నది. బారెడు పొడవు, బరువైన చక్రం, కొత్త రంగు. అయివారు జేబులోంచి ఒక కలం కాడ తీసి పక్కన పెట్టుకున్నారు. రెండు మొనలనూ దగ్గరకు జరిపి, కన్ను చిట్లించి చూశారు. మొనలు ఒకదానికొకటి తగలలేదు. బియ్యపుగింజ మందం పక్కకు పోయాయి.

“ఇది కాదప్పా” అన్నారు.

నేను ఊరుకోలేదు. పెద్దదాని మీద చిన్న పనీ చేయవచ్చు, చిన్నదాని మీద పెద్ద పని చేయలేము. అంతటి ఇనుముకు గింజ మందం ఒక లెక్కా? దుకాణం ముందు జనం మూగారు. ఎవరో “శభాష్” అన్నారు కూడా. అయివారు కాడను తిరిగి జేబులో పెట్టుకున్నారు.

“మంచం కోడుకు లెక్కలేదు. కలానికి అదే లెక్క” అని, ఆగి, “కానీ కారణం చెప్పినావు. సరే, ఎత్తించు” అన్నారు.

తన ఏకైక కొనుగోలు మీద కూడా ఆయన తన నియమాన్ని తప్పలేదు. ఆనాడు నేను దానిని నా గెలుపు అనుకున్నాను.

దసరా సెలవులకు వచ్చేసరికి చెక్క చెప్పవలసింది చెప్పేసింది. సన్నని కాడ బిగిస్తే అదిరిపోయి విరిగింది. విరగనిది వంకరగా వచ్చింది. దానికి పాళీ గుచ్చితే కాగితం చీరింది. విరిగిన ముక్కలు పొయ్యి పక్కన కుప్పగా ఉన్నాయి. అయివారి చేతుల్లో మళ్లీ ఆ లోటా. అయివారమ్మ నాతో మాట్లాడలేదు.

“నాదే తప్పు సార్” అన్నాను. వేదిక మీద ఎన్నడూ పలకని మాట.

“చెక్క చెప్పిండేది ఇద్దరికీ. లెయ్, ధర్మవరం పోదాం” అన్నారు.

ధర్మవరంలో మగ్గాలకు పట్టు చుట్టే చెక్క కండెలు తీసే ఒకాయనను అయివారు ఎరుగుదురు. కండె కూడా జానెడే. అతని తరిమెన బల్ల మీద పట్టేటంత చిన్నది, తొక్కే పలక బల్ల కింద. అతనికేమో మంచం కోళ్లు తీయాలని చాలాకాలంగా ఆశ. మేము మార్పిడి మాట ఎత్తగానే అతడు పగలబడి నవ్వాడు.

“ఏమప్పా అయివారూ, ఏనుగునిచ్చి మేకపిల్లని తోలుకపోతావా? తల తిరిగిందా?”

“నా పని జానెడబ్బా. బారెడు మిసను మేపేదానికి నా కాళ్లలో సత్తువ యాడుండాది?”

అయివారు కాడ తీసి పక్కన పెట్టారు, మొనలు జరిపారు. రెండూ ముద్దు పెట్టుకున్నట్టు కలిశాయి. కాలితో ఒక్కసారి తొక్కితే చిన్న చక్రం గలగలా తిరిగింది. అప్పుడు నా వైపు తిరిగారు.

“ఎదురువాదం ఏమన్నా ఉండాదా?”

“లేదు సార్.”

“రాసిపెట్టుకోబ్బా, ఈనికి వాదం లేదంట!” అని కండెలాయనతో అని, ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

ఆ తరువాతి నాలుగేళ్లూ, నేను సెలవులకు వచ్చినప్పుడల్లా, పక్కింట్లో పొద్దున్నే చక్రం చప్పుడు వినిపించేది. బడిపిల్లలు కాడల కోసం వరుస కట్టేవారు. చిన్న తరిమెన కొనదలచి ఎవరైనా సలహాకు వస్తే, “రంగు చూడాకండి. చేయబొయ్యే వస్తువును జోబిలో పెట్టుకొని పోండి, దాన్ని అడగండి” అని చెప్పేవారు. అయివారమ్మ నాతో మళ్లీ మాట్లాడింది. ఇంటి నిండా చెక్కపొట్టు అని తిట్టేది. ఆ తిట్టులో ఎంత తృప్తి ఉన్నదో వీధి అంతటికీ తెలుసు.

నేను పెనుకొండ చేరేసరికి స్నానం చేయిస్తున్నారు. ముందు రోజు ఆయన ఎర్రచందనం తుంపు ఒకటి బిగించి పని చేశారట. ఒక బంధువు కుడిచేతి గోళ్ల సందుల్లోని ఎర్రని పొడిని పీచుతో రుద్దుతున్నాడు. అది పోవడం లేదు.

“రుద్దాకప్పా” అన్నది అయివారమ్మ. “అది మురికి కాదు.”

అతడు చేయి వదిలాడు. తెల్లని గుడ్డ మీద ఆ చేయి వెల్లకిలా ఉన్నది. ఐదు గోళ్ల కిందా ఐదు సన్నని ఎర్రగీతలు.