పేజీ మలుపులో రెండు బార్లు

కోవిడ్‌కు ముందటి చలికాలం దాకా ఇదే కథ. కువైట్‌లో మా ఆర్కెస్ట్రా తరచూ వాయించే ఒక సింఫనీలో ప్రతిసారీ దేవదానం అన్న ఎనిమిది బార్లు పోగొట్టుకునేవాడు. బార్ అంటే నాలుగు దెబ్బల కొలత. నాలుగు పేజీలు తిప్పాలి, ఒక్కోదానికి రెండు బార్లు.

వయొలిన్‌కు పెద్దన్న లాంటి చెల్లో వాయించేవాళ్లలో ఇద్దరికో నోట్స్ స్టాండ్ ఉంటుంది, దాన్ని డెస్క్ అంటాం. ప్రేక్షకుల వైపు కూర్చున్నవాడు ఆపకుండా వాయిస్తాడు. లోపలివాడు విల్లు దించి పేజీ తిప్పుతాడు. బయట నేను, లోపల అన్న. ఎవరూ నేర్పకపోయినా లెక్క నాకు గట్టిగా వచ్చు. పాట మధ్యలో చెల్లోలు ఆగే విరామంలో ఎన్ని బార్లు గడిచాయో ఇద్దరికీ నేనే చూసుకునేవాణ్ణి.

"విరామమంతా తప్పకుండా లెక్కబెడ్తావే, నేను వొదిలేసే రెండు నీకు అగపళ్లేదా?" అని అన్న ఎగతాళి చేసేవాడు.

నెమ్మదిగా సాగే రెండో భాగంలో చెల్లోల పాట అందరికన్నా పైకి లేచే చోటే ఒక పేజీ మలుపు. కడపలో పుట్టి, మద్రాసు రికార్డింగ్ స్టూడియోలు దాటి ఇక్కడికి వచ్చిన మనిషి ఆ రెండు బార్లను కచేరీలో ఒక్కసారీ వాయించలేదు. ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ముగుస్తోంది. కడపలో ఆర్కెస్ట్రా లేదు. మిగిలింది ఒకే కచేరీ.

ఫింటాస్‌లో ఆయన గదికి వెళ్లాను.

"అన్నా, ఈసారి నువ్వు బయట కూర్చో. పేజీ నేను తిప్పుతా."

"కండక్టర్ ఒప్పుకుంటాడా?"

"అడిగేసినా."

"అట్లయితే చొక్కా ఇస్త్రీ చేయించల్ల బ్బా!" అని నవ్వాడు. ఆ వారమంతా ఆ రెండు బార్లే వాయించాడు.

కచేరీలో మలుపు దగ్గరికి వచ్చాం. నా లెక్క తప్పలేదు. కానీ చెయ్యి లేవాల్సిన దెబ్బకు నా విల్లు పాటలోనే సాగిపోయింది. ఏళ్ల అలవాటు. అదే దెబ్బకు అన్న విల్లు దించి, చెయ్యి చాచి పేజీ తిప్పేశాడు. ఇద్దరం ఉలిక్కిపడేసరికి పాట కిందికి దిగుతోంది.

కచేరీ అయ్యాక తెర వెనక్కి వచ్చాం. అన్నే భుజం తట్టాడు. "ఖలాస్. ఇఖామా అయిపోయిందని నా చేతికి ఎవురూ చెప్పలేదప్పా."

"కోపమా అన్నా?"

"నీ మింద కోపమేంది? బాకీ ఉండావు, అంతే."

ఇప్పుడు స్టాండ్ మీద టాబ్లెట్లు. కాలితో పెడల్ నొక్కితే పేజీ మారుతుంది, ఎవరూ ఏదీ వదులుకోనక్కర్లేదు. అయినా ఆ చోటికి వచ్చినప్పుడల్లా పక్కన ఒక చెయ్యి లేస్తుందేమోనని చూస్తాను. ఇన్నేళ్లూ నా పాట తెగకుండా వినిపించిందంటే పక్కన ఒకరు ఆగినందువల్లే అని ఆ కచేరీలో తెలిసింది.

అన్నకు నా బాకీ రెండు బార్లు. ఇవాళ్టికీ అంతే.