రోబోలు కదలని రోజు

ఉదయం ఏడున్నరకు మావారు కాఫీ తాగి, అలవాటు ప్రకారం తన గ్లాసు తానే కడిగారు. దాంతోపాటు ఆ రోజు ప్రయోగానికి తీసుకెళ్ళే తన గాజు పళ్ళెం కూడా సబ్బుతో తళతళా తోమారు.

ఆయన తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు పాఠాలు చెప్పేవారు. నువ్వుగింజంత రోబోలు తయారుచేశారు. అవి నీళ్ళ మీద వాటంతట అవే తిరుగుతూ మురికిని అంటించుకుంటాయి. పరీక్షకు ఒక చెరువు కావాలని ఆ రోజు కొల్లేరు వైపు చేపల రైతులను కాలేజీకి పిలిచారు. నేనూ వెళ్ళాను.

పళ్ళెంలో నీళ్ళు పోసి రోబోలను వదిలారు. ఒక్కటీ కదల్లేదు.

"ఇంకా నిద్ర లేవలేదేమోనండీ మాస్టారూ!" అన్నాడొక పెద్దాయన. అందరూ నవ్వారు. మావారి చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళెం ఎత్తి వాసన చూశారు.

"తప్పు వీటిది కాదండీ, నాది. పొద్దున్న సబ్బుతో తోమాను. సబ్బు తగిలిన నీళ్ళలో ఇవి నడవవు."

టిఫిన్ల కోసం తెచ్చిన కొత్త పేపరు గిన్నెలో మంచినీళ్ళు పోసి, రోబోలను మళ్ళీ వేశారు. గింజలు గిరగిరా పరుగెత్తాయి.

"ఏవండీ మేడమ్ గారూ, ఇంట్లో అంట్లు కూడా మాస్టారేనా?" అని ఆ పెద్దాయన నన్ను అడిగాడు.

"గ్లాసు ఒక్కటేనండీ," అన్నాను.

"మా చెరువులో వేసి చూడండి మాస్టారూ. తేడా వస్తే మీరు దాచరు," అని పెద్దాయన మావారి వైపు తిరిగాడు.

మావారు పోయి ఏడాది కావస్తోంది. తలచుకుంటే నాకు ముందు ఆ ఎర్రబడ్డ చెవులే గుర్తొస్తాయి. ఆ చెరువు దగ్గర ఆయన విద్యార్థులు పనిచేస్తున్నారు. మా ఇంట్లో ఏడున్నరకు ఎవరూ గ్లాసు కడగడం లేదు.