మేడ దిగని తోడికోడలు

ఇందులో ప్రతి అక్షరం నిజం. శాలిబండలో నా పూలదుకాణం ముందు నిలబడి, ఈ పొద్దు గుడిమల్కాపూర్ పూలమార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూల గంప మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. నా ప్రమాణాలకు మా గల్లీలో విలువ లేదని నాకూ తెలుసు. చార్మినార్ గడియారం ఒకసారి నా చేతిగడియారాన్ని చూసి తన ముల్లు సరిచేసుకుందని చెప్పిన రోజు నుంచి, నేను టైం ఎంతో చెప్పినా జనం ఇంకొకరిని అడిగి తేల్చుకుంటున్నారు. అయినా ఈసారి నవ్వించడానికి రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

మొదటి మంట ఒక టీవీ సీరియల్ మీద. పేరు చెప్పి దానికి గౌరవం పెంచను. అందులో ఇద్దరు తోడికోడళ్ళు. ఒక సాయంత్రం పెద్దామె "వానొచ్చేలా ఉంది, బట్టలు తెస్తాను" అని మేడ మీదికి పోయింది. అంతే, మళ్ళీ దిగలేదు. ఆ వేషం వేసిన అమ్మాయి మానేసిందట. మానేస్తే మానేసింది, ఇంకొకరిని పెట్టవచ్చు కదా. పెట్టలేదు. చంపలేదు, పుట్టింటికి కూడా పంపలేదు. తర్వాత ఏడాది పైగా ఆ ఇంట్లో పెళ్ళిళ్ళయ్యాయి, సీమంతాలయ్యాయి, ఒకడికి గతం మర్చిపోయే జబ్బు వచ్చి తగ్గింది కూడా. "పెద్దకోడలేది?" అని ఒక్క నోరు అడగలేదు. కట్టుకున్న మొగుడు అడగలేదు. కనీసం ఆ బట్టలేమయ్యాయని కూడా ఎవరూ అడగలేదు.

అడిగింది మా అక్క కూతురు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చుంటుంది. మధ్యాహ్నం డబ్బా తినే అరగంటలో, ఎడమచేత్తో ఫోను పట్టుకుని కథ రాయడం మొదలుపెట్టింది. మేడ మీదికి పోయిన తోడికోడలు ఏమైంది అన్నదే కథ. ఇలాంటివి పెట్టుకోవడానికి ఫోనులో ఒక యాప్ ఉంది. సీరియళ్ళనూ సినిమాలనూ మరీ ప్రేమించినవాళ్ళు వాటిలోని మనుషులను తీసుకుని సొంతంగా కథ అల్లి అక్కడ పెడతారు. మిగతావాళ్ళు చదివి కింద అభిప్రాయం రాస్తారు. మా పిల్ల వారానికొకటి చొప్పున పందొమ్మిది భాగాలు పెట్టింది.

ఇక అభిప్రాయాలు. "సూపర్ సిస్టర్." "నెక్స్ట్ పార్ట్ ప్లీజ్." రెండు చేతులు జోడించిన బొమ్మ. గులాబీ బొమ్మ. ఒకసారి పొరపాటున ఒకే భాగాన్ని రెండుసార్లు పెట్టింది. రెండోదాని కింద ఒకావిడ "ఇది పోయినదానికన్నా బాగుంది" అని రాసింది. ఇలాంటివాళ్ళను ఏం చేయాలి? మనిషి ఆరు రోజులు అన్నం మధ్యలో ఆపి రాసినదాన్ని, బస్సు ఎక్కే లోపల బొటనవేలితో దీవించి పోతారు.

పందొమ్మిదో భాగం కింద ఒక పెద్దమనిషి దిగాడు. "చెల్లీ, నీ మంచి కోరి చెప్తున్నాను" అని మొదలుపెట్టాడు. సీరియల్‌లో ఆమె ఇలా ఉండదట. ఈ కథలో అందరూ పాతబస్తీలో కూరగాయలు బేరమాడేవాళ్ళలా మాట్లాడుతున్నారట. రాయడం అందరికీ అబ్బే విద్య కాదు, మానేసి వేరే పని చూసుకో అని ముగించాడు. అంత పొడుగు రాశాడు గానీ ఏ భాగంలో, ఏ మాట దగ్గర, ఎందుకు బాగాలేదో ఒక్కచోటైనా చెప్పాడా? లేదు. మా సందు చివర సైకిల్ పంక్చర్లు వేసే అతను ట్యూబును నీళ్ళలో ముంచి, బుడగ ఎక్కడ వస్తోందో వేలితో చూపించి, అప్పుడు మాట్లాడతాడు. సైకిల్ తొక్కడం నీకు రాదు, మానెయ్యి అనడు. ఆ పాటి మర్యాద ఈ పెద్దమనిషికి లేకపోయింది.

బుధవారం పొద్దున డ్యూటీకి పోతూ పిల్ల నా దుకాణం దగ్గర ఆగింది.

"మామా, సోమవారం నాకు సెలవు. మొత్తం తీసేస్తున్న."

"ఏంది తీసేసేది?"

"కథ. పందొమ్మిది భాగాలు. ఒక్క బటన్ ఒత్తితే అయిపోతది. గాయన చెప్పింది నిజమే కావొచ్చు."

"గాయనెవడు? ఇల్లెక్కడ?"

"ఇల్లు నీకెందుకు? కొట్లాటకు పోతవా?"

"పోత. పురానాపూల్ మీద ఒక్కన్ని పదిమందితోని కొట్లాడిన."

"పోయిన్సారి ఆరుగురే అన్నవు."

నేను బంతిపూల మీద నీళ్ళు చల్లుతూ మాట మార్చాను. ఆమె మార్చనివ్వలేదు. సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. షోరూం పక్కనున్న జిరాక్స్ దుకాణంలో ప్రింట్ తీయించిందట.

"లొల్లి వద్దు మామా. నువ్వు సదువు. సదివి నిజం చెప్పు. ఊకె బాగుందనకు. గాయనలెక్క మానెయ్యమనకు. నాకు పనికొచ్చేది చెప్పు."

నిజం చెప్పమని నన్ను అడిగిన మనిషి నా జీవితంలో ఈ పిల్ల ఒక్కతే. నాకు గర్వంతో తల తిరిగింది. రెండు రోజులు దుకాణంలో ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. బేరాలకు వచ్చినవాళ్ళను "ఆగండి, దిద్దుతున్నాను" అన్నాను. శుక్రవారం పొద్దున కట్ట తిరిగి ఇచ్చాను. ఆమె అక్కడే నిలబడి చదివింది. చదువుతున్నకొద్దీ ముఖం కందిపోయింది.

"మామా, ఈ ఏనుగేంది?"

"మూసీకి వరదొచ్చింది బిడ్డా. మేడ దాక నీళ్ళొచ్చినయి. పురానాపూల్ దిక్కు నుంచి ఏనుగు ఈదుకుంట వచ్చి ఆమెను ఎక్కించుకుంది."

"మరి ఈ తాళంచెవి?"

"ఆమె కొంగుకు ఉన్నది ఖజానా తాళం. గందుకే గామెను మేడ మీద మర్చిపోయినట్టు నాటకమాడిన్రు."

"నా తోడికోడలు బట్టలు తెచ్చేందుకు పోయింది మామా! ఖజానా కోసం కాదు!" అంది. "గాయన రాసుడు మానెయ్యమన్నడు. నువ్వు మానెయ్యమనకుంటనే నా కథ మాన్పించినవు. గిది నీ కథ. నాది ఏడుంది?"

బస్సు వచ్చింది, ఎక్కేసింది. నాకు వచ్చిన కోపం చెప్పనలవి కాదు. రెండు రోజుల శ్రమ! ఏనుగులో ఏం లోపముంది? ఆ కోపంతోనే మా అక్క ఇంటికి పోయి చెప్పాను. మా అక్క నా దుకాణానికి దండలు కడుతుంది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు వాకిట్లో చాప మీద కూర్చుంటారు. ఒకరు ఎదురింటి ముస్లిం ఆవిడ, గల్లీ అంతటికీ ఖాలా. ఇంకొకరు హాస్పిటల్‌లో ఆయాగా చేసి రిటైరైన పెద్దమ్మ, చర్చి సందులో ఉంటుంది. అక్క నా గోడంతా విని, "నీకిచ్చుడే తప్పు తమ్మీ" అంది. "రేపు పొద్దున మాకు సదివి వినిపియ్యమను. చేతులకు సందు లేదు గని చెవులు ఖాళీగనే ఉన్నయి."

శనివారం పొద్దున ఏడింటికి పిల్ల గడప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఎవరో కొత్త దుకాణం తెరుస్తూ గుమ్మానికి పొడుగాటి దండ చెప్పారు. దాని వరస నాలుగు బంతులు, ఒక మరువం రెబ్బ, రెండు తెల్లచామంతులు. అక్క ఆ దండ పట్టుకుంది. నేను మూలన కూర్చున్నాను. నోరు తెరిస్తే గంప నెత్తిన బోర్లిస్తానని అక్క ముందే చెప్పింది.

రెండు భాగాలయ్యాయి. "మస్తుంది బేటీ" అంది ఖాలా. పిల్ల ముఖం వాడింది. ఫోనులోని సూపర్ సిస్టర్లు ఇంటి వాకిట్లోకే వచ్చి కూర్చున్నట్టయింది. మూడో భాగంలో తోడికోడలు మేడ మీద కూర్చుని కింద అన్నాలు పెట్టుకుంటున్న చప్పుడు వింటుంది. కంచాల చప్పుడు లెక్కపెడుతుంది. కింద ఎందరున్నారో అన్నే చప్పుళ్ళు. తన కంచం ఎవరూ తియ్యలేదు. ఇది చదువుతున్నప్పుడు వాకిట్లో ఎవరూ మాట్లాడలేదు. చదవడం ఆగగానే ఆయా పెద్దమ్మ అడిగింది.

"మూడు దినాలు మేడ మీద ఉంది గదా. నీళ్ళెట్ల తాగింది బిడ్డా?"

పిల్ల వెనక్కి పోయి వెతికింది, నీళ్ళ మాట ఎక్కడా రాయలేదు.

"ట్యాంకుంటది గద" అంది అక్క.

"ట్యాంకు మూత సిమెంటుది. ఒక్కతి లేపుతదా?"

"మా మేడ మీదిది ప్లాస్టిక్‌ది" అంది ఖాలా.

మూత మీద పది నిమిషాలు కొట్లాడుకున్నారు. పిల్ల గబగబా ఫోనులో ఏదో రాసుకుంది. తర్వాత తోడికోడలు దుబాయ్ పోయిన ఆరు భాగాలు చదివింది. అందులో ఒంటెలున్నాయి, ఒక షేక్ ఉన్నాడు, అతనికి కవల తమ్ముడు కూడా ఉన్నాడు. అన్నిటికీ "బాగుంది, బాగుంది" అన్నారు. మిగతా భాగాలకూ అదే మాట. తొమ్మిదిన్నరకు పిల్ల చెప్పులు వేసుకుంటూ నాతో అంది: "నీళ్ళ సంగతి తప్ప అన్నిటికి బాగుందే అన్నరు. వీళ్ళకు నా మీద ప్రేమ మామా, కథ మీద కాదు. సోమవారం తీసేస్త."

ఆదివారం పొద్దున ఒక వింత జరిగింది. గుమ్మం దండ కొనుక్కుపోయినాయన దాన్ని భుజాన వేసుకుని నా దుకాణానికి తిరిగి వచ్చాడు. "ఏందన్నా గిది, వరస తప్పింది" అని అరిచాడు. ఇంకో దండ ఇచ్చి పంపి, ఆ దండ పట్టుకుని అక్క ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో ముగ్గురూ కూర్చుని పూలు కడుతున్న చాప మీద దాన్ని పొడుగ్గా పరిచాను. పిల్ల ఇంకా డ్యూటీకి బయలుదేరలేదు.

"చూడు బిడ్డా. ఇక్కడి దాక వరస సరిగుంది. ఇగ ఇక్కడ చూడు, ఏడు బంతులు పడ్డయి, మరువం లేదు. ఇక్కడ వేలెడు దారం ఖాళీగుంది. గిది నువ్వు మూడో భాగం చదివినప్పుడు కట్టింది. కంచాల చప్పుడు కాడ మీ అమ్మ చెయ్యి వరస మరిచింది."

పిల్ల మోకాళ్ళ మీద కూర్చుంది. దండ మీద వేలు జరుపుతూ పోయింది. ఇంకో రెండుచోట్ల వరస తప్పి ఉంది. నడుమ రెండు మూరల పొడుగున మాత్రం ఒక్క పువ్వు తప్పులేదు, గీత గీసినట్టుంది.

"ఇది ఏ భాగం మామా?"

"దుబాయ్."

అక్క దండ ఎత్తి ముడి తిప్పి చూసింది. "ఇది నా చేతిదేనా?" అంది. "నీదే అక్కా" అన్నాను. పిల్ల వాళ్ళమ్మ వైపు, నా వైపు చూసి, ఇద్దరినీ వదిలేసి ఆయా పెద్దమ్మను అడిగింది. కథ ఎలా ఉందని అడగలేదు. "కంచాల కాడ మీరంతా ఎందుకు చప్పుడు చెయ్యలేదు పెద్దమ్మా?" అని అడిగింది.

"డ్యూటీ నుంచి నేనొచ్చేటాళ్ళకు నా కంచం ఎప్పుడూ బోర్లేసే ఉండేది బిడ్డా" అంది పెద్దమ్మ. దారం పళ్ళతో కొరికి, ఇంకో దండ మొదలుపెట్టింది.

"దుబాయ్ ఎట్లుంది ఖాలా? సచ్ బోలో, నిజం చెప్పు."

"సచ్ బోలూఁ? నిద్రొచ్చింది బేటీ. మా ఆయన పదేండ్లు గక్కడున్నడు. ఒక్కనాడు ఒంటె ఎక్కలే."

పిల్ల పగలబడి నవ్వింది. వారం రోజుల తర్వాత అదే నవ్వడం.

సోమవారం బటన్ నొక్కింది. దుబాయ్ భాగాలు ఆరూ పోయాయి, పదమూడు మిగిలాయి. మేడ మీద ట్యాంకుకు సిమెంటు మూత వచ్చింది. దాన్ని లేపడానికి ఆమె బట్టలారేసే ఇనుపకడ్డీ ఊడబీకుతుంది. మాటలు మాత్రం పాతబస్తీ మాటలే, ఒక్కటి మార్చలేదు. మంచి కోరిన పెద్దమనిషికి ఒకే వాక్యం రాసింది: "అన్నా, మీకు ఎక్కడ విసుగొచ్చిందో చెప్పండి." ఆయన ఈ రోజుకూ జవాబివ్వలేదు. ఎలా ఇస్తాడు? అది చెప్పాలంటే చదవాలి కదా!

ఇక గంప మీద పెట్టిన చెయ్యి తియ్యక తప్పదు. దండ తిరిగి తెచ్చినాయన ఎవరూ లేరు. గుమ్మం దండ శనివారమే పోయింది, ఆ దుకాణం గుమ్మానికి నిక్షేపంగా వేలాడింది. మా అక్క చెయ్యి వరస తప్పడమా? నిద్రలో కట్టినా తప్పదు. తప్పు దండ కట్టింది నేను, ఆదివారం పొద్దున, షట్టరు సగం దించుకుని. కానీ వాకిట్లో ముగ్గురి చేతులూ ఆగింది నిజం. మూలన నోరు మూసుకుని కూర్చున్నవాడికి చేతులు తప్ప చూడటానికి ఏముంటుంది? కంచాల దగ్గర దారం మూడు చేతుల్లోనూ నిలిచిపోయింది. దుబాయ్‌లో పూలు పరుగెత్తాయి. ఇదే సంగతి నోటితో చెబితే పిల్ల నమ్మేదా? ఏనుగును తెచ్చిన నోరది. అందుకే దండ చేత చెప్పించాను.

పోయిన వారం ఇరవయ్యో భాగం వచ్చింది, పాత అంకె వరసలోనే. తోడికోడలు మేడ మీది నుంచి ఒక పూలదండను కిందికి వేలాడదీస్తుంది, ఎవరైనా తలెత్తి చూస్తారని. "దాని ముడులు లొడలొడలాడుతున్నాయి, ఎవరో మగమనిషి కట్టినట్టు" అని రాసింది. లొడలొడట! ముప్పై ఏళ్ళుగా పూలమ్ముతున్నాను. మా అక్క కొడుకుతో ఫోనులో ఆ యాప్ పెట్టించుకుని, నా మొదటి అభిప్రాయం రాశాను: "ఇరవయ్యో భాగం, దండ దగ్గర ఒక తప్పుంది. ముడులు గట్టిగానే ఉన్నాయి. కావాలంటే లాగి చూడు."

దాని కింద ఎవరో "సూపర్" అని పెట్టారు.