జానెడు పొద్దెక్కాక

"జేబుల్లోంచి చేతులు తియ్! ముందు పెట్టె పట్టుకో, చలి గురించి తర్వాత ఏడవచ్చు!"

సార్జెంట్ ఆ కేక వేసేసరికి నేను విమానం మెట్ల మీద సగంలో ఉన్నాను. మైనస్ ముప్పై ఒకటి. గాలి పడమర నుంచి. ఆపితే మళ్లీ స్టార్ట్ కావేమోనని పైలట్ ఇంజన్లు ఆపలేదు. పదకొండు నిమిషాల్లో సామానంతా దింపాలి. నేను దింపినవి నాలుగు పెట్టెలు, ఒక్కోటి పద్దెనిమిది కిలోల రేడియో బ్యాటరీలు. మూడో పెట్టెకి కాలు జారి కూలబడ్డాను. నోట్లోంచి వచ్చిన మాట "అమ్మమ్మా!"

"ఏంది చెల్లే, దిగంగనే అమ్మమ్మను యాది చేసుకుంటున్నవ్?" అన్నారెవరో వెనకనుంచి, తెలుగులో.

ఆయన మా మెడిక్. వరంగల్ వాళ్లు, చిన్నప్పుడే కెనడాలో కనాటా అనే ఊరికి వచ్చేశారు. ఇంట్లో అందరూ సాఫ్ట్‌వేర్, ఈయనొక్కడే సైన్యం. ఆ పోస్టులో ఏడుగురం ఉంటే ఇద్దరం తెలుగువాళ్లమని తెలిసి చలి కొంచెం తగ్గినట్టనిపించింది. తగ్గలేదు, అనిపించిందంతే.

ఇప్పుడు నేను బ్రాంప్టన్‌లో సిటీ బస్సు నడుపుతున్నాను. ఆర్మీలో చేశానని తెలిస్తే ప్యాసింజర్లు అడుగుతారు, తుపాకీ పేల్చావా అని. లేదండీ. నా పని వినడం. మూడు నెలలు చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని గ్రీకు విన్నాను.

మా దీవి ల్యాబ్రడార్‌కి ఉత్తరాన ఉంది. పడమటి ఒడ్డు కెనడాది. తూర్పు ఒడ్డు రోమీలది. మధ్యలో పదకొండు కిలోమీటర్ల అఖాతం, జూన్ దాకా గడ్డే. సరిగ్గా సగంలో ఒక ఎర్ర పీపా పాతారు, అదే సరిహద్దు. వాళ్లు తమని తాము రోమన్లమనే చెప్పుకుంటారు, మాట్లాడేది మాత్రం గ్రీకు. మా బందరులో వాళ్లని రోమీలంటారు. ఐదారు వందల ఏళ్ల కిందట వాళ్ల రాజధాని గోడల్ని శత్రువులు ఫిరంగులతో కూల్చాలని చూశారట. గోడలు నిలబడ్డాయి. నగరం నిలబడింది కాబట్టి ఓడలు కట్టుకున్నారు. ఆ ఓడలు ఒకవైపు తిమింగలాల కోసం ఈ మంచు దాకా వచ్చాయి, ఇంకోవైపు కలంకారీ గుడ్డల కోసం బందరు దాకా వచ్చాయి. బందరులో వాళ్ల చర్చి, వాళ్ల హాస్టల్, ఆ హాస్టల్ వంటింట్లో, మేమిద్దరం కెనడా వచ్చేదాకా, మా అమ్మమ్మ. నా గ్రీకు అక్కణ్ణుంచి వచ్చింది. నేను చదివింది పన్నెండో క్లాసు. అదీ అత్తెసరు మార్కులతో.

మొదటిరోజే సార్జెంట్ నా ఫైలు చూస్తూ అడిగాడు.

"గ్రీకు ఎక్కడ నేర్చుకున్నావ్?"

"వంటింట్లో, సార్జెంట్."

"ఇంతకుముందు నీ సీట్లో ఉన్నావిడ యూనివర్సిటీలో ఆరేళ్లు చదివింది."

"మా అమ్మమ్మ దగ్గర నేను పంతొమ్మిదేళ్లు తిట్లు తిన్నాను."

ఆయన నవ్వలేదు. "ఒక్క తప్పు చేస్తే తర్వాతి విమానంలో ఇంటికి" అన్నాడు. ఆ మాట నా తలలో మేకులా దిగిపోయింది.

రోజూ పని ఒకటే. వాతావరణం రిపోర్టులు రెండు వైపులా పంచుకోవాలి. టైములన్నీ ముందే అచ్చేసిన కాగితం మీద ఉంటాయి, ప్రపంచమంతా వాడే టైములో. శనివారం పీపా దగ్గర కలిసి ఉత్తరాలు, బ్రెడ్డు ఇచ్చి పుచ్చుకోవాలి. అదీ కాగితం మీదే ఉంటుంది. కాగితంలో లేనిది ఒక్కటే. రోజూ ఉదయం అవతలి రేడియో అమ్మాయి "కలీమేరా" అని పలకరించి, తన మైకు తీసుకెళ్లి వాళ్ల గంట దగ్గర పెట్టేది. చిన్న కంచు గంట. మూడు దెబ్బలు. నాకు వినిపించాలని ఆమెకెందుకు తోచిందో తెలియదు. అది విన్న నిమిషం లాగ్ పుస్తకంలో చివరి గడిలో రాసేదాన్ని. ఎవరూ రాయమనలేదు. ఆ గంట వింటే బాగుండేది, అందుకని రాశాను.

గాలి తుఫాను రోజుల్లో పనేమీ ఉండదు. బంకర్లో స్టవ్ చుట్టూ కూర్చుని మెడిక్ అన్న ఒక ఆట మొదలుపెట్టేవాడు.

"ఆ రోమీల నగరం పడిపోయి ఉంటే ఏమవుతుండె? చెప్పుర్రి."

"నాకీ ఉద్యోగం ఉండేది కాదు" అన్నాను. "బందరులో గ్రీకు మాట్లాడేవాళ్లే ఉండరు. అమ్మమ్మ నన్ను ఇంకో భాషలో తిట్టేది."

"ఈ పీపా ఉండేది కాదు. నేను ఫ్లోరిడాలో ఉండేవాణ్ణి" అన్నాడు సార్జెంట్, బూటు లేసులు ఆరబెట్టుకుంటూ.

"మరి బ్రాంప్టన్?"

"బ్రాంప్టన్‌కేం కాదు చెల్లే. ఎవరు పడ్డా ఎవరు నిలబడ్డా, గవే గోడౌన్లు, గదే ట్రాఫిక్."

ఆ రోజు సార్జెంట్ నవ్వగా మొదటిసారి చూశాను.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు సాయంత్రం నాలుగున్నరకి రేడియో మోగింది. రిపోర్టు వేళ కాదు. అవతలి అమ్మాయి పలకరింపు లేకుండానే మొదలుపెట్టింది. వాళ్ల వంటాయన పెద్దవాడు, బయట మెట్ల మీద జారిపడ్డాడు. తుంటి విరిగినట్టుంది. డాక్టర్ లేడు. వాళ్ల విమానం దక్షిణాన పొగమంచులో చిక్కుకుంది. మా విమానం తీసుకెళ్తుందా అని అడిగింది.

సార్జెంట్ మూడు ఫోన్లు చేశాడు. ఆరుగంటలకల్లా అనుమతి వచ్చింది. నేను చెప్పాను. ఆమె ఏడ్చేసింది. తర్వాత అంది: "రేపు మూడో గంటకి పీపా దగ్గరికి తెస్తాం."

"మూడో గంట" అని తిరిగి చదివాను, రూలు ప్రకారం.

"అవును" అంది ఆమె.

లాగ్‌లో 15:00 అని రాశాను. తెల్లవారుజామున మూడింటికి రోగిని ఎవరూ మంచు మీదకి తీసుకురారు కదా. ఇంకో ఆలోచనే రాలేదు నాకు.

మర్నాడు మైనస్ ముప్పై నాలుగు. గాలి ఉత్తరం నుంచి, మంచుపొడి మోకాలెత్తున కొట్టుకుపోతోంది. మా ట్రాక్ బండి రెండింటికి బయల్దేరాలని ప్లాను. మెడిక్ అన్న స్ట్రెచర్ సర్దుకుంటున్నాడు. నేను ఖాళీగా ఉండలేక నెల లాగ్‌ని కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. గంట వినిపించిన టైములు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతున్నాను. 8:58. 8:55. 8:52. కింద ఇవాళ్టిది, 7:40.

చెయ్యి ఆగిపోయింది.

రోజుకి మూడేసి నిమిషాలు ముందుకి జరుగుతోంది. గంట కాదు జరిగేది, పొద్దు పొడుపు. వాళ్లు పొద్దు పొడవగానే గంట కొడుతున్నారు. అమ్మమ్మ మాట చెవిలో ఖంగున మోగింది: "గంట కొట్టాకేనే రోజు మొదలయ్యేది. హాస్టల్లో మాకు గడియారమెక్కడిది? బారెడు పొద్దెక్కాక మూడో గంట ప్రార్థన, అప్పుడు పొయ్యి మీద రెండో గిన్నె."

మూడో గంట అంటే పొద్దు పొడిచాక మూడు గంటలు. 10:40.

గోడ గడియారం 9:52 చూపిస్తోంది.

రేడియో పట్టుకుని పిలిచాను. నాలుగుసార్లు. జవాబు లేదు. వాళ్లు ఉండేదే నలుగురు. అంటే అందరూ మంచు మీదకి వచ్చేశారన్నమాట. మనం మూడింటికి వెళ్తే, విరిగిన తుంటితో ఆ ముసలాయన నాలుగు గంటలకి పైగా ఆ గాలిలో పడుకుని ఉంటాడు. నా వల్ల.

సార్జెంట్ గదికి నేను నడవలేదు, పరిగెత్తాను.

"సార్జెంట్, తప్పు నాది. వాళ్లు పదీ నలభైకి వస్తారు. మూడింటికి కాదు."

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మమ్మ."

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. నేను తల దించలేదు. లాగ్ పుస్తకం తెరిచి చివరి గడి చూపించాను, వేలు పెట్టి, పై నుంచి కింద దాకా. ఆయన వేలు కూడా నా వేలి వెనకే దిగింది.

"బండి తీయండి!" అని అరిచాడు.

10:04కి బయల్దేరాం. సార్జెంటే నడిపాడు. ఐదున్నర కిలోమీటర్లు, దారంతా గట్లు కట్టిన మంచు. నేను అద్దం మీద గడ్డ గీకుతూనే ఉన్నాను. "దేవా, దేవా" తప్ప ఇంకో ప్రార్థన గుర్తుకు రాలేదు. మెడిక్ అన్న వెనక సీటు నుంచి "భయపడకు చెల్లే, పోతనే ఉన్నం కదా" అంటూనే ఉన్నాడు. ఆయనా భయపడుతున్నాడు, మామూలుకంటే వేగంగా మాట్లాడాడు కాబట్టి తెలిసింది.

10:52కి పీపా కనిపించింది.

పక్కన స్లెడ్జి. చుట్టూ గాలికి అడ్డంగా ముగ్గురు మనుషులు, భుజం భుజం ఆనించి గోడలా నిలబడి. మధ్యలో దుప్పట్ల మూట. ఆ మూటలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. తొడుగు లేదు. ముడతలు పడి, పిండిలా తెల్లగా. బొటనవేలు మంచు అంచుకి ఆనించి, చిటికెన వేలు సూర్యుడికి తగిలించి, ఆ పెద్దాయన పొద్దు కొలుస్తున్నాడు. ఆ ఉత్తరాన పొద్దు బారెడెక్కడ ఎక్కుతుంది? జానెడే.

నన్ను చూసి గ్రీకులో అన్నాడు: "జానెడు ఇంకా నిండలేదు. మీరు వేళకే వచ్చారమ్మా."

పన్నెండు నిమిషాలు లేటు మేము. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

నా తొడుగు తీసి ఆయన చేతికి తొడిగాను. "తాతగారూ, చెయ్యి లోపల పెట్టుకోండి, గడ్డకట్టుకుపోతుంది" అన్నాను. ఆయన కళ్లు పెద్దవి చేశాడు.

"ఇది బందరు వంటింటి గ్రీకు! ఓడల్లో వండే రోజుల్లో విన్నాను. ఎవరి మనవరాలివి నువ్వు?"

తుంటి విరిగిన మనిషి నవ్వడం ఎప్పుడైనా చూశారా? నవ్వు, అబ్బా, మళ్లీ నవ్వు, మళ్లీ అబ్బా. రేడియో అమ్మాయి, అదే గొంతు, నా మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు. ఇద్దరి కనురెప్పలూ గడ్డకట్టాయి. విమానం పన్నెండున్నరకి లేచింది. ఒంటిగంటకి పొగమంచు మా రన్‌వేని కూడా మూసేసింది, రెండు రోజులు తీయలేదు. 15:00కి వెళ్లి ఉంటే ఆ విమానం దొరికేది కాదు.

సాయంత్రం సార్జెంట్ రిపోర్టు రాస్తూ నా వైపు తిరగకుండానే అన్నాడు. "నీ తప్పు రాస్తున్నాను. దాన్ని నువ్వే పట్టుకున్నావని కూడా రాస్తున్నాను. ఇకనుంచి ఆ చివరి గడి అందరూ నింపాలి."

"అమ్మమ్మ పేరు కూడా రాయి సార్జెంట్, జీతం ఇవ్వాల్సొస్తది" అన్నాడు మెడిక్ అన్న.

మూడు వారాల తర్వాత నా డ్యూటీ ముగిసింది. చివరి ఉదయం అవతలి అమ్మాయి గంట మూడు కాదు, ఆరు దెబ్బలు కొట్టింది. మూడు నాకు, మూడు అమ్మమ్మకట.

సాయంత్రానికి బ్రాంప్టన్‌లో, మా అద్దె బేస్‌మెంట్‌లో ఉన్నాను. అమ్మమ్మ చారు అన్నం కలిపి పెడుతూ అంతా విన్నది. ఆ చెయ్యి ఎలా పట్టుకున్నాడో చూపించమంది. చూపించాను. "అట్లా కాదే పిచ్చిదానా, బొటనవేలు వంచకూడదు" అని నా వేళ్లు సరిచేసింది. ఇప్పటికీ బస్సు సిగ్నల్ దగ్గర ఆగి, ఎదురుగా పొద్దు కనిపిస్తే, నాకు ముందు కనిపించేది ఆ తొడుగు లేని చెయ్యే.

మర్నాడు పొద్దున లేచి హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. పెద్దాయన లండన్‌లో ఉన్నాడు, కెనడాలోని లండన్‌లోనే, కారులో రెండు గంటల దారి. ఊతకర్రతో నాలుగడుగులు వేస్తున్నాడట. రోగుల్ని చూడ్డానికి ఎప్పుడు రావచ్చని అడిగాను. పదకొండుకి అంది నర్సు. అమ్మమ్మ అప్పటికే చీర కట్టుకుని, రొట్టెలు గుడ్డలో మూట కట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. డ్రైవ్‌వేలోకి వచ్చి ఎదురింటి కప్పు మీదకి చెయ్యి చాచాను, బొటనవేలు వంచకుండా. జానెడు ఇంకా నిండలేదు.

"వేళకే వెళ్తాం అమ్మమ్మా" అని కారు స్టార్ట్ చేశాను.