వెనక్కి వచ్చిన బతుకమ్మ

నేను కోదాడలో సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. వేములపల్లిలో మా ఇంటి దగ్గరి కాలువలో నీళ్లు ఎలా పారతాయో కంప్యూటర్‌లో చూపించడం నా ప్రాజెక్టు. కాలువ మీది వంతెన గోడను అందులో చేర్చలేదు. అందుకే నీటి దిశ చూపే బాణాలన్నీ బుద్ధిగా ముందుకే పోయేవి.

సద్దుల బతుకమ్మనాడు సాయంత్రం మా వదిన మెట్లు దిగి తంగేడు పూల బతుకమ్మను కాలువలో వదిలింది. అది వంతెన గోడ దాకా పోయి, గుండ్రంగా తిరిగి, మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

"సూడుండ్రి, గౌరమ్మకు పోబుద్ధి అయితలేదు!" అని ఆడవాళ్లంతా మురిసిపోయారు. దాన్ని లోపలికి నెట్టడానికి వదిన ఇంకో మెట్టు దిగబోయింది.

నీళ్లు అలా సుడి తిరిగే చోట అడుగున మట్టి కోసుకుపోతుంది. "వదినా, ఆగు! గాడ లోతుంటది!" అని అరిచి కొంగు పట్టుకున్నాను. అప్పటికే ఆమె కాలికి మెట్టు అందలేదు. నడుము దాకా జారింది. అందరం కలిసి పైకి లాగాం.

తర్వాత గోడను కూడా చేర్చితే కంప్యూటర్‌లో బాణాలు అక్కడ వెనక్కి తిరిగాయి.

"ఈ సుడిని ఏ పరికరంతో కనిపెట్టావమ్మా?" అని మా సార్ అడిగారు.

"తంగేడు పూలతో సార్" అన్నాను.

ఆయన నవ్వారు. నాకు మాత్రం ఆ తడి కొంగు ఇప్పటికీ చేతిలోంచి జారుతున్నట్టే ఉంటుంది.