ఆపేసిన ఏసీ

జలంధర్ అరబ్బు దేశంలో, ఉమ్ సలాల్‌లోని ఒక తోటలో పనివాడు. యజమాని తన పోటీ రైఫిల్‌కు తూటాలు స్వయంగా తయారు చేసుకుంటాడు. వాటిలో పోసే తుపాకీ మందు తూచిపెట్టేది మాత్రం జలంధరే. ఊపిరి బిగబట్టి చిటికెడు చిటికెడుగా రాలుస్తాడు. కొత్త మందు తెచ్చిన వారం నుంచి గురి కుదరడం లేదు.

“యే మాల్ ఖరాబ్ హై, ఫేంక్ దో!” అని, మందు పాడైందనీ పారేయమనీ యజమాని విసుక్కున్నాడు.

జలంధర్ కాటా వైపు చూశాడు. అంకె వణుకుతోంది. ఎండలు ముదిరి, ఏసీ వేసిందీ ఆ వారమే. చిన్నప్పుడు చాట ముందేసుకుని బీడీలు చుట్టే తల్లి రాములవ్వ మండువేసవిలోనూ ఫ్యాను వేయనిచ్చేది కాదు. “గాలికి తంబాకు ఎగిరిపోతది బిడ్డా, జర ఓర్సుకో” అనేది.

ఏసీ ఆపాడు. అంకె నిలిచింది.

తూకం ముగిశాక, తప్పు మందుది కాదని గ్రహించిన యజమాని నవ్వి, “యల్లా, ఏసీ చలావ్!” అని ఏసీ వేయమని తొందరపెట్టాడు.

“దో మినిట్, అర్బాబ్.”

చెమట మెడ మీదుగా కారుతున్నా రిమోట్ జేబులోంచి తీయలేదు. అమ్మ చాట పక్కన ఇంకాసేపు కూర్చోవాలనిపించింది.